నాయన వెల్లకిలా పడుకున్నాడు

చంద్రగిరి,
బుధవారం పొద్దున

రేయ్ గోలీ,

రెండు నెలలుగా నీకు జవాబు రాయలేదు, కోపం పెట్టుకోవద్దు. తోతాపురి కాయ ఫ్యాక్టరీకి తోలేశాం, చిన్నక్క కూతురు ఇంటర్ పాసైంది. మిగతావి తర్వాత. ముందు ఇది విను. రాత్రి నాయన నులక మంచం మీద వెల్లకిలా పడుకుని నిద్రపోయాడు. గురక పెట్టాడురా! మనం టెంత్‌లో మిద్దె మీద చదువుకుంటూ "లారీ ఘాట్ ఎక్కుతోంది" అనేవాళ్ళమే, అదే లారీ. నేనూ అమ్మా వాకిట్లో కూర్చుని వింటూనే ఉన్నాం.

నీకు ఫోన్లో సగమే చెప్పాను, పక్కనే నాయన ఉంటాడు కదా. హెపటైటిస్ బి ఎప్పటినుంచో ఒంట్లో ఉండి లివర్‌ను పాడుచేసిందట. అక్కడ క్యాన్సర్ మొదలై నడుము పూసకు పాకింది, ఎల్2 అంటారు. మేమేమో మోటారు ఎత్తినప్పుడు పట్టేసిందనుకుని పుత్తూరు కట్టు దాకా వెళ్ళాం. ఊళ్ళో ఒకాయన మూడు నెలలు డైక్లో అనే నొప్పి సూదులు వేస్తూనే ఉన్నాడు. లివర్ చెడినవాళ్ళకు అవి ఎంత చేటో తర్వాత తెలిసింది. తలుచుకుంటే ఇప్పటికీ... సరే, పోనీ. రెండు నెలలు నాయన కుర్చీలోనే నిద్రపోయాడు. నడుము వాలిస్తే కేక.

తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో రేడియేషన్ పెడదామన్నారు. డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పింది. ఇది జబ్బును నయం చేసేది కాదు, నొప్పి తగ్గించడానికి. ఒకే సిట్టింగు, 8 గ్రే, అంటే రేడియేషన్ మోతాదు. పదిమందిలో ఆరేడుగురికి తగ్గుతుంది, అదీ రెండు మూడు వారాలు పట్టొచ్చు. పదిసార్లు తిరగాలేమో అనుకున్నా. నొప్పి వరకైతే ఒక్కసారైనా పదిసార్లయినా గుణం ఒకటేనట, కాకపోతే కొందరికి తర్వాత మళ్ళీ పెట్టాల్సి వస్తుందట.

వార్డులో ఎవరో ఈ రేడియేషన్‌నే "కరెంటు పెడతారు" అన్నారు. అంతే, నాయన బిగుసుకుపోయాడు. బోరు స్టార్టర్ దగ్గర షాక్ కొట్టిన రోజు గుర్తుందిగా, కట్టెతో కొట్టి విడిపించింది నువ్వేగా. "ఆ గోలీగాడు పక్కనుంటే వస్తా" అన్నాడు. ఒట్టు!

మిషన్ కంటే ఆ గట్టి బల్ల మీద పడుకోబెట్టడమే నరకం. అరగంట ముందు మార్ఫిన్ మాత్ర ఇచ్చి, నలుగురు పట్టుకుని వాల్చారు. ఒంటి మీద ఇంకు గుర్తులు పెట్టి తలుపేశారు. లోపల నాయన ఒక్కడే. కాసేపటికే అయిపోయింది. బయటికొచ్చి అడిగిన మొదటి మాట, "ఎప్పుడు పెడతారు?"

రెండో రాత్రి మాత్రం నొప్పి ముందుకంటే పెరిగింది. తప్పు చేశామని అమ్మ ఒకటే ఏడుపు. మొదట్లో కొందరికి ఇలా పెరుగుతుందని చెప్పారు, దానికి డెక్సా అనే స్టెరాయిడ్ మాత్రలూ రాసిచ్చారు, అయినా ఆ రాత్రి ఏ మాటా గుర్తు రాదు. కాళ్ళు తిమ్మిరెక్కాయా, ఒంటికి వెళ్తున్నాడా అని గంటగంటకూ చూశాను. కాళ్ళు పట్టు తప్పినా, ఒంటికి ఆగిపోయినా వెన్నులో నరాలు నొక్కుకుపోతున్నట్టట, అర్ధరాత్రయినా తీసుకురమ్మన్నారు.

నాలుగో రోజుకు సర్దుకుంది. నిన్నటికి పదహారు రోజులు. సంగటి, ఊరుబిండి అడిగి తిన్నాడు. తర్వాత "ఆ మంచం వాల్చు" అన్నాడు. ఓ పక్కకు ఒరిగి, మోచేతి మీద ఆగి, మెల్లగా వెల్లకిలా తిరిగాడు. కేక రాలేదు. "ఎన్నాళ్ళయిందిరా చుక్కలు చూసి" అన్నాడు.

జబ్బు ఎటు పోతుందో నాకు తెలుసురా. పొట్టలో నీరు చేరుతోంది, కళ్ళు పచ్చబడుతున్నాయి. అది రాద్దామంటే చెయ్యి... నువ్వొకసారి రా. దసరాకని ఆగొద్దు, ఈ నెలలోనే. గంగజాతర బెల్లం సంగతి నాయనకు ఇంకా తెలీదు, నువ్వే చెప్పాలి, నవ్వుతాడు.

మార్ఫిన్ రేపటితో అయిపోతుంది, మలబద్ధకం సిరప్పూ తేవాలి. చిన్నక్క నీతో చెప్పమన్నది ఒకటుంది, అదేంటంటే... బస్సు వచ్చేసింది, ఉంటా.

నీ
బుడ్డోడు