పదో తరగతి చరిత్ర: ఆ ఇరవై మార్కులూ, మిగతా ఎనభై

సంపాదకులకు నమస్కారం.

పదో తరగతిలో బడిలోనే వేసే 20 ఇంటర్నల్ మార్కులు ఎత్తేసి 100 మార్కులకూ రాతపరీక్షే పెడతామని తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో చెప్పింది. మర్నాడే, ఆ ఏడాదికి మాత్రం పాత 80:20 పద్ధతే ఉంటుందని సర్దుకుంది. ఆంధ్రప్రదేశ్ ఆ 20 మార్కులను 2019లోనే తీసేసింది. ఉంచాలా తీయాలా అని వాదించేవాళ్లు సాంఘిక శాస్త్రంలో, ముఖ్యంగా చరిత్రలో, ఆ మార్కులు ఎలా పడుతున్నాయో కాస్త చూడాలి.

ఏడాదికి నాలుగు ఫార్మేటివ్‌లు, అంటే పాఠాలు నడుస్తుండగా బడిలోనే చేసే మదింపులు. ఒక్కోదానికి 20 మార్కులు: తరగతిలో పాల్గొనడానికి 5, రాత పనులకు 5, ప్రాజెక్టుకు 5, స్లిప్ టెస్టుకు 5. చరిత్రకు అసలు పనికొచ్చేది ప్రాజెక్టే, ఎక్కువ పాడైందీ అదే. ప్రపంచ యుద్ధాల మీద ప్రాజెక్టంటే నెట్ సెంటర్లో తీసిన నాలుగు ప్రింట్లు, హిట్లర్ బొమ్మ, చుట్టూ స్కెచ్ పెన్ను బోర్డరు. అట్ట మీద పేరు మారిస్తే పక్కవాడిదీ అదే. దీనికి పిల్లలను అని లాభం లేదు. రెండు సెక్షన్లలో 80 మంది ఉంటే ఏడాదికి 320 ప్రాజెక్టులు. ఒక్కోటి పది నిమిషాలు చదివినా 53 గంటలు. ఎవరూ చదవరు. తనిఖీకి వచ్చినవాళ్లు చూసేది కూడా రికార్డు ఉందా, మార్కుల లిస్టుతో కలిసిందా అన్నదే.

నాలుగు ప్రాజెక్టుల బదులు చరిత్రలో ఏడాదికి ఒక్కటి చాలు. ఒకే ప్రశ్న, చేత్తో రాసిన రెండు పేజీలు. ఆధారాలు కనీసం రెండుండాలి. వాటిలో ఒకటి ఊళ్లోదే కావాలి: పాత పహాణీ (భూమి రికార్డు) నకలు, బడి అడ్మిషన్ రిజిస్టరు, గుడి దగ్గరి శాసనం, లేదా డెబ్బై దాటిన మనిషి చెప్పిన మాట. ప్రశ్నకు 1, ఆధారం ఎవరిది, ఎప్పటిదని రాసినందుకు 1, రెండు ఆధారాలూ ఎక్కడ కలవలేదో పట్టుకున్నందుకు 2, తేల్చిన మాటకు 1. అప్పుడు దిద్దడానికి 13 గంటలు చాలు. నెట్‌లో దొరకదు కాబట్టి కాపీకీ వీలుండదు.

ఇక రాతపరీక్ష. ఇందులో 28 వస్తేనే పాసు. చదివి వ్యాఖ్యానించడం విద్యా ప్రమాణాల్లో ఒకటి. కాగితం మీద మంచి ప్రమాణమే. అయితే ప్రశ్నలో ఇచ్చే పేరా పాఠ్యపుస్తకంలోదే కావడంతో గైడులో దాని జవాబు ముందే ఉంటుంది. 'ఈ పేరా ఫలానా పాఠంలోనిది' అని మొదలెట్టి, పేరానే తిప్పి రాసి, చివర 'నా అభిప్రాయం' అని ఒక వాక్యం పెడితే మార్కులు పడతాయి. ఆ పేరా ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు, ఏది చెప్పకుండా వదిలేశారు అన్నది ఎవరూ అడగరు.

పాఠాల వరస ఇంకో చిక్కు. సాంఘిక శాస్త్రం పుస్తకంలోని 22 పాఠాల్లో మొదటి 12 వనరులు, అభివృద్ధి గురించి. యుద్ధాలతో చరిత్ర మొదలయ్యేది 13లో. తెలంగాణ ఉద్యమం 22వది, ఆఖరిది. పుస్తకం వరసలోనే చెబుతూ పోతే అది రివిజన్ల హడావుడిలో పడుతుంది. (మన రాష్ట్రం ఎలా వచ్చిందో పిల్లలు బిట్లలో నేర్చుకుంటున్నారన్నమాట.) రెండు భాగాలనూ జూన్ నుంచే సమాంతరంగా నడపడానికి కొత్త పుస్తకం అక్కర్లేదు, టైంటేబుల్ మారిస్తే చాలు.

ప్రశ్న ఎలా ఉండాలో ఒకటి చూపిస్తాను. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది, 17న నిజాం లొంగిపోయారు. ప్రభుత్వం దాన్ని పోలీసు చర్య అంది, సైన్యం ఆపరేషన్ పోలో అంది. సెప్టెంబరు 17ను 2022 నుంచి కేంద్రం విమోచన దినంగా జరుపుతోంది. అదే ఏడాది రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినోత్సవంగా జరిపింది, 2024లో వచ్చేసరికి ప్రజాపాలన దినోత్సవమంది. విలీనమనేవాళ్లు వేరే ఉన్నారు. పదో తరగతి పిల్లలు ఈ పేర్లను పోస్టర్ల మీద ఏటా చూస్తూనే ఉన్నారు. రెండు పేర్లు వాడిన రెండు ప్రకటనలు పక్కపక్కనే అచ్చేసి 4 మార్కులకు ప్రశ్న అడగొచ్చు.

స్పాట్‌లో (జవాబు పత్రాలు దిద్దేచోట) దీనికి కీ ఎలా ఇస్తారని కొందరు అడుగుతారు. ఏ ప్రకటన ఎవరిదో గుర్తించినందుకు 1. ఆ పేరే ఎందుకు ఎంచుకున్నారో ఒక్కోదానికి ఒక కారణం చొప్పున 2. ఒకదాంట్లో ఉండి రెండోదాంట్లో లేని విషయం చూపినందుకు 1. ఏ పేరు సరైనదో తేల్చినందుకు మార్కు లేదు, తేల్చనందుకు కోతా లేదు.

ఇట్లు,
సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు, సూర్యాపేట