తెల్లారకముందు వచ్చినవాళ్ళకీ టోకెన్ ఇవ్వండి

సంపాదకుడు గారికి,

2024 ఎన్నికల్లో మన ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ 80 శాతం దాటిందని పేపర్లన్నీ గొప్పగా రాశాయి, సంతోషమే. కానీ ఆ ఓట్లు వేయడానికి జనం లైన్లలో ఎంత అవస్థ పడ్డారో పెద్దగా ఎవరికీ పట్టినట్టు లేదు. మే 13న ఎండ ముదరకముందే ఓటేసి బయటపడదామని మా బూత్ దగ్గర ఐదింటికే జనం చేరారు, అందులో చాలామంది రాత్రంతా హైదరాబాద్ నుంచి బస్సుల్లో వచ్చి ఇంటికి కూడా పోకుండా బ్యాగులతో నేరుగా అక్కడికే వచ్చినవాళ్ళు. స్కూలు గేటు మూసే ఉంది. లోపల ఏం జరుగుతోందో చెప్పే నాథుడు లేడు.

లోపల జరిగేది మాక్ పోల్. పోలింగ్‌కి గంటన్నర ముందు అభ్యర్థుల ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లు వేసి, లెక్క సరిపోయాక అవి చెరిపేసి మిషన్‌కి సీలు వేస్తారు. అది జరగాల్సిందే, కానీ ఆ ముక్క గేటు బయటికొచ్చి ఒక్కసారి చెబితే "లోపల ఏదో గుద్దుకుంటున్నారు" అనే పుకారు పుట్టదు కదా!

ఇక లెక్క చూడండి. ఒక బూత్‌కి అప్పట్లో 1500 మంది దాకా ఓటర్లు ఉండొచ్చు. 80 శాతం వస్తే 1200 మంది. ఏడింటి నుంచి ఆరింటి దాకా 11 గంటలు, అంటే మనిషికి 33 సెకన్లు. ఆ 33 సెకన్లలో అసెంబ్లీకి ఒకటి, పార్లమెంటుకి ఒకటి, రెండు ఓట్లు వేయాలి, ఓటు ఎవరికి పడిందో చూపే వీవీప్యాట్ మిషన్‌లో ఒక్కో స్లిప్పు ఏడు సెకన్లు కనపడుతుంది. ముసలివాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. కొన్నిచోట్ల అర్ధరాత్రి దాటాక కూడా పోలింగ్ నడిచిందంటే ఆశ్చర్యం ఏముంది? ఇప్పుడు బూత్‌కి ఓటర్లని 1200 మందికి తగ్గించామంటున్నారు, మంచిదే, రెండు ఎన్నికలు ఒకేరోజు పెట్టినప్పుడు అదీ ఎక్కువే.

సాయంత్రం ఆరింటికి లైన్లో ఉన్నవాళ్ళకి చివరి మనిషి దగ్గర మొదలుపెట్టి స్లిప్పులు ఇస్తారు కదా, అదే పని పొద్దున్నే ఎందుకు చేయకూడదు? నంబరేసిన టోకెన్ చేతిలో ఉంటే పెద్దవాళ్ళు అరుగు మీద కూర్చుంటారు, చంటిపిల్లల తల్లులు ఇంటికెళ్ళి వస్తారు, మధ్యలో దూరేవాళ్ళతో గొడవలూ తగ్గుతాయి. వయసు చూసి ఇంటి దగ్గర ఓటు 85 దాటినవాళ్ళకే ఇచ్చారు, 75 ఏళ్ళ మనిషి మే నెల ఎండలో నిలబడాల్సిందేనా? ఒక షామియానా, నాలుగు బెంచీలు, ఒక టోకెన్ల కట్ట. వచ్చే ఎన్నికలకి ఇంకా టైముంది, ఎన్నికల అధికారులు దీని మీద ఏమంటారో మీ విలేకరులు అడిగి రాస్తే బాగుంటుంది.

— ఒక ఓటరు, ఒంగోలు