ఊగే ఫుట్‌పాత్ బ్లాకులు: పైపై అతుకులతో ఆగవు

సంపాదకులకు,

కోఠి, అమీర్‌పేట లాంటి రద్దీ చోట్ల ఫుట్‌పాత్‌ మీద బ్లాకు కదిలి, సందులోంచి బురదనీళ్లు ఎగజిమ్మడం వానాకాలంలో నగరవాసులకు మామూలైపోయింది. పెద్దవయసువాళ్లు అక్కడ జారిపడి తుంటి ఎముక విరిగితే ఇక కోలుకోవడం కష్టం. ఫిర్యాదు చేస్తే ఊగిన బ్లాకును లేపి, కాస్త సిమెంటు పూసి మళ్లీ పెడుతున్నారు. నాలుగు వానలు పడగానే అది మళ్లీ ఊగుతుంది, ఎందుకంటే లోపమంతా కిందనే ఉంది.

బ్లాకుల కింద ఇసుక పరుపు 20 నుంచి 40 మిల్లీమీటర్లు ఉంటే చాలు. ఆ ఇసుక కింది కంకర పొర ఎగుడుదిగుడుగా ఉంటే ముందు దాన్ని సరిచేయాలి. అది మానేసి గుంటల్లో ఇసుక పోసి మట్టం చేస్తే, ఇసుక మందంగా పడినచోట బ్లాకు కుంగుతుంది. ఇసుకకు బదులు క్రషర్ డస్ట్ (కంకర కొట్టగా వచ్చే రాతిపొడి) వేయడం ఇంకా చేటు. అందులోని మెత్తటి పొడి నీళ్లు పట్టి గుజ్జయి, అడుగు పడినప్పుడల్లా కొంత బయటికొచ్చి కింద బోలు చేస్తుంది. బ్లాకుల మధ్య సందు 2 నుంచి 4 మిల్లీమీటర్లు ఉంచి, పొడి సన్న ఇసుక చల్లి, ప్లేట్ వైబ్రేటర్ (అదురుతూ బ్లాకులను అదిమే యంత్రం) తిప్పి, మళ్లీ ఇసుక నింపాలి. ఒక బ్లాకు మీది బరువును పక్కవాటికి పంచేది ఆ ఇసుకే. అంచున కర్బ్ రాయి గట్టిగా లేకపోతే చివరి వరుస పక్కకు జరిగి సందులన్నీ విచ్చుకుంటాయి. ఇళ్ల గేట్ల ముందు కార్లు ఎక్కేచోట 60 మిల్లీమీటర్ల మందం బ్లాకు ఆగకపోవచ్చు, 80 వేయడం మేలు.

అసలు పెద్ద బెడద కేబుళ్లకూ పైపులకూ తవ్విన కందకాలతో. మట్టినంతా ఒక్కసారే తోసేసి పైన బ్లాకులు పేర్చితే, తొలి వానకే కందకం పొడవునా గాడి పడుతుంది. 150 మిల్లీమీటర్ల చొప్పున పొరలుగా పోసి, తడిపి, ఒక్కో పొరనూ దిమ్మిస కొట్టాలి. కందకానికి అటూ ఇటూ మరో రెండు వరుసలు లేపి, గట్టి నేల మీది నుంచి కలుపుకుంటూ రావాలి.

తవ్వకానికి అనుమతిచ్చేటప్పుడే ఇవన్నీ షరతులుగా రాయాలని నగరపాలక ఇంజనీర్లకు నా విన్నపం. బిల్లు పాస్ చేసేముందు కొన్ని బ్లాకులు లేపించి ఇసుక మందం కొలవాలి. మిగతావాటిని ఎదురెదురు మూలల మీద కాలితో నొక్కి చూడాలి. ఊగినచోట కాంట్రాక్టరు చేత కంకర పొర నుంచీ మళ్లీ చేయించాలి.

– ఒక సివిల్ ఇంజనీరు, మలక్‌పేట, హైదరాబాద్