ఆ పిల్లతో విడిగా మాట్లాడావా?

సంపాదకుల వారికి,

బాల్యవివాహం ఆపారంటూ మీ పత్రికలో తరచూ వార్తలొస్తుంటాయి. ఆ ఫొటోల్లో ఓ చివర ఫైలు పట్టుకుని నిలబడేది నాలాంటివాళ్లే. పిల్లల సంరక్షణ విభాగంలో 11 ఏళ్లుగా కాంట్రాక్టు మీద సోషల్ వర్కర్‌గా చేస్తున్నాను. ఆపిన పెళ్లి తర్వాత ఏమైందో వార్తల్లో రాదు కాబట్టి, నా చేతుల మీదుగా జరిగిందొకటి చెబుతాను.

రెండేళ్ల కిందట పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోనొస్తే వెళ్లాం. పిల్లకి 15 ఏళ్లు. అప్పటికే పందిరి వేసేశారు. అంగన్‌వాడీ టీచర్, మహిళా పోలీసు సాక్షి సంతకాలు పెట్టారు. 18 నిండేదాకా పెళ్లి చేయనని తండ్రి చేత కాగితం రాయించాం. ఫొటో వాట్సాప్ గ్రూపులో పెట్టాను. రెండు నెలలు తిరక్కుండా మేనత్తగారి ఊళ్లో, గుళ్లో తాళి కట్టించేశారు. ఆఫీసు నుంచి నాకొచ్చింది ఒక మెమో: ఫాలో-అప్ గడి ఎందుకు ఖాళీగా ఉందని.

ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదివేటప్పుడు మాకు వారానికి రెండు రోజులు ఫీల్డ్‌వర్క్. ఎవరింటికి వెళ్లాం, వాళ్లేమన్నారు, మేమేమన్నాం, అంతా రికార్డు రాసివ్వాలి. మేడం అది చదివి, వారానికోసారి ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టేవారు. దాన్నే ఐసీ, అంటే ఇండివిడ్యువల్ కాన్ఫరెన్స్, అనేవాళ్లం. ఐసీ ఉందంటే ముందురోజు రాత్రి నుంచే టెన్షన్. ఒకసారి ఆవిడ, "ఆ తల్లి ఏడవగానే నువ్వు రేషన్ కార్డు సంగతి ఎందుకెత్తావు?" అన్నారు. ఎదుటిమనిషి ఏడిస్తే నాకు భయమని ఆరోజే నాకు తెలిసింది. ఉద్యోగంలో చేరాక అలాంటి ప్రశ్న ఇంతవరకు ఎవరూ వేయలేదు.

మామీద పర్యవేక్షణ లేదని కాదు, బోలెడుంది. ఎన్ని కేసులు, ఎన్ని ఫారం 22లు (పిల్ల పరిస్థితి మీద రాసే విచారణ నివేదికలు), 15 రోజుల గడువులో ఎన్ని ఇచ్చారు, పోర్టల్లో ఎక్కించారా లేదా. అదీ కావాల్సిందే, జీతం ఇచ్చేవాళ్లు లెక్క అడగకుండా ఎలా ఉంటారు? కానీ సోషల్ వర్క్‌లో సూపర్‌విజన్ అనేది వేరు. అనుభవం ఉన్న మనిషి మన పక్కన కూర్చుని కేసుని మొదటినుంచీ తిరగేయించడం అది.

నా పెళ్లి కేసుని (అంటే ఆ పిల్లది లెండి) అలా తిరగేయించి ఉంటే ముందుగా అడిగేది, "ఆ పిల్లతో విడిగా మాట్లాడావా?" అని. మాట్లాడలేదు. పందిట్లో పదిమంది మధ్య "చదువుకుంటావా అమ్మా" అన్నాను, తలూపింది. తర్వాత, కాగితంతో ఎందుకు సరిపెట్టావని అడిగేవారు. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం 13వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు దగ్గర ఇంజంక్షన్, అంటే పెళ్లి చేయకూడదనే ఉత్తర్వు, తెచ్చుకోవచ్చు. దాన్ని కాదని చేసిన పెళ్లి 14వ సెక్షన్ ప్రకారం అసలు చెల్లదు. తండ్రి రాసిచ్చిన కాగితానికి ఆ బలం లేదు. సెక్షన్లు తెలియక కాదు, ట్రైనింగుల్లో రాసుకున్నవే. ఆ మధ్యాహ్నం పొయ్యిల మీద వంటలుడుకుతున్నాయి, అంత వయసు మనిషి ఏడుస్తూ నా కాళ్లమీద పడబోయాడు. ఎలాగోలా అక్కణ్ణుంచి బయటపడితే చాలనిపించింది. మేడం పట్టుకున్న ఆ భయం ఇన్నేళ్లకీ అలాగే ఉంది.

2000లో లండన్‌లో విక్టోరియా క్లింబీ అనే ఎనిమిదేళ్ల పాప, పెంచుతున్నవాళ్ల హింసకి చనిపోయింది. 2003లో వచ్చిన లామింగ్ విచారణ నివేదిక ఆ కేసు చూసిన సోషల్ వర్కర్ దగ్గరే ఆగలేదు. ఆమె పనిని సరిగా చూడని పైవాళ్లనీ తప్పుపట్టింది. ఇక్కడైతే మెమోతో సరి.

నేనడిగేది 15 రోజులకో గంట. జిల్లాలో ఎమ్మెస్‌డబ్ల్యూ నడిపే కాలేజీ అధ్యాపకులైనా సరే, రిటైరైన ప్రొబేషన్ అధికారులైనా సరే. మా పైఅధికారి మాత్రం వద్దు. ఆ గంటలో చెప్పుకున్నది మెమోల్లోకి, కాంట్రాక్టు రెన్యువల్ ఫైల్లోకి పోకూడదు. పోతుందని తెలిస్తే ఎవరూ నోరు విప్పరు, నేనూ విప్పను. ఈ ఉత్తరం కింద పేరు పెట్టనిదీ అందుకే.

ఇట్లు,
ఒక సోషల్ వర్కర్,
ఉత్తరాంధ్ర