హాంబర్గ్ ఫ్లాటును అనుమతించిన గడువుకు మించి అద్దెకు ఇవ్వడంపై ఫిర్యాదు

ఖాతాదారుల సేవా విభాగం మేనేజర్ గారికి,

విషయం: ఎనిమిది వారాల పరిమితి దాటి బుకింగులు తీసుకోవడం, రిజిస్ట్రేషన్ నంబరు లేకుండా ప్రకటన ఇవ్వడం గురించి.

ఆర్యా,

మా అమ్మానాన్నల దగ్గర కొన్ని నెలలు ఉండటానికి విజయవాడ వస్తూ, హాంబర్గ్‌లో మేము అద్దెకుంటున్న ఫ్లాటును ఆ సమయంలో పర్యాటకులకు ఇచ్చే బాధ్యతను మీ కంపెనీకి అప్పగించాను. జర్మనీ నిబంధనలన్నీ తమకు తెలుసని, హైదరాబాద్ కార్యాలయం నుంచే అంతా చూసుకుంటామని మీ ప్రతినిధి చెప్పిన మాటను నమ్మి ఒప్పందం చేసుకున్నాను. అదే రోజు హాంబర్గ్ నగరం ఇచ్చిన ఇంటి రక్షణ నంబరును (పర్యాటకులకు ఇచ్చే ఇంటి రిజిస్ట్రేషన్ నంబరు), పర్యాటకులకు ఏడాదికి ఎనిమిది వారాల వరకు ఇవ్వవచ్చని మా ఓనరు గారు రాసిచ్చిన అనుమతి పత్రాన్ని మీకు మెయిల్ చేశాను. అవి అందినట్లు మీరు ఇచ్చిన జవాబు నా దగ్గర ఉంది.

అయినా మీరు పెట్టిన ప్రకటనలో ఆ నంబరు లేదు. 2019 ఏప్రిల్ 1 నుంచి హాంబర్గ్‌లో అది ప్రకటనలో కనిపించి తీరాలి. అంతకన్నా పెద్ద తప్పు, మీ సిబ్బంది కేలెండరును 90 రోజులకు తెరిచి, ఎనిమిది వారాలు నిండిన తరువాత కూడా బుకింగులు తీసుకుంటూ పోవడం. నేను ప్రశ్నించినప్పుడు వచ్చిన జవాబు ఒకే వాక్యం: జర్మనీలో 90 రోజుల వరకు అనుమతి ఉంది.

జర్మనీ అంతటికీ వర్తించే అలాంటి పరిమితి ఏదీ లేదు. విజయవాడ కార్పొరేషన్ తీర్మానం చూపించి హైదరాబాద్‌లో ఇల్లు కడతామంటే ఎవరూ ఒప్పుకోరు, ఇక్కడా అంతే. కొలోన్‌లో ఏడాదికి 90 రోజులు ఇవ్వవచ్చు, కానీ 2022 జూలై నుంచి అక్కడ కూడా ప్రకటనలో గుర్తింపు సంఖ్య ఉండాలి. బెర్లిన్‌లో 90 రోజుల లెక్క రెండో ఇంటికి సంబంధించినది. మ్యూనిక్‌లో సొంతంగా నివసించే ఇంటిని మొత్తంగా ఇచ్చేందుకు ఎనిమిది వారాలే గడువు, హాంబర్గ్‌లోనూ అంతే. ఇళ్ల కొరత తీవ్రంగా ఉన్న నగరాలు, నివాసానికి ఉన్న ఇల్లు లాడ్జిగా మారకూడదనే ఈ ఆంక్షలు పెట్టాయి; వాటిని అతిక్రమిస్తే హాంబర్గ్‌లో ఐదు లక్షల యూరోల వరకు జరిమానా విధించే అధికారం ఉంది. అది చెల్లించాల్సిన పేరు మీది కాదు, నాది.

ఓనరు గారి విషయంలో నాకు ఇంకా ఆందోళనగా ఉంది. సబ్‌లెట్‌కు, అంటే అద్దెకున్న ఇంటిని ఇంకొకరికి అద్దెకివ్వడానికి, సాధారణంగా ఇచ్చిన అనుమతి పర్యాటకులకు ఇవ్వడానికి సరిపోదని జర్మనీ సుప్రీం స్థాయి సివిల్ కోర్టు 2014 జనవరి 8న తీర్పు చెప్పింది. అందుకే ప్రత్యేకంగా అడిగి పత్రం తీసుకున్నాను. అందులోని గడువును మీరు దాటించడంతో, ఆయన నా అద్దె ఒప్పందాన్నే రద్దు చేసే పరిస్థితి రావచ్చు. హాంబర్గ్‌లో ఇంకో ఇల్లు దొరకడం ఎంత కష్టమో ఇక్కడ ఉంటున్న తెలుగువాళ్లెవరిని అడిగినా చెబుతారు.

కాబట్టి ఎనిమిది వారాలకు మించిన బుకింగులన్నీ మీ ఖర్చుతో వెంటనే రద్దు చేసి అతిథులకు డబ్బు వాపసు ఇవ్వాలని, ప్రకటనను తొలగించాలని, ఇప్పటి వరకు బస చేసినవారి తేదీల పట్టికను నాకు పంపాలని కోరుతున్నాను. ఆ అదనపు రోజులకు తీసుకున్న కమీషన్ తిరిగి ఇవ్వాలి. నగర అధికారులు జరిమానా వేస్తే దాన్ని, లాయరు ఖర్చును మీరే భరిస్తామని రాతపూర్వకంగా తెలపాలి. మీ వెబ్‌సైటులో జర్మనీ మొత్తానికి 90 రోజులని ఉన్న సమాచారాన్ని కూడా సరిదిద్దండి. దాన్ని చదివి మ్యూనిక్‌లోనో హాంబర్గ్‌లోనో ఇంకొకరు ఇల్లు అప్పగించే అవకాశం ఉంది.

ఈ లేఖ అందిన 14 రోజుల్లోగా జవాబు రాకపోతే, ఒప్పందాన్ని రద్దు చేసుకుని, మీ మెయిళ్లన్నిటినీ జతపరిచి వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను.

ఇట్లు,
మీ ఖాతాదారు,
హాంబర్గ్