వారసత్వపు సొమ్ముకు ఆరు నెలల రక్షణ కావాలి

సంపాదకులకు నమస్కారం.

అమ్మానాన్నలు పోయాక ఊళ్ళో ఇల్లో పొలమో అమ్మి పిల్లలు వాటాలు పంచుకుంటారు. ఒక్కొక్కరి ఖాతాలో ఒకేసారి ఇరవై లక్షలో, యాభై లక్షలో పడతాయి. హిందూపురం, మదనపల్లె, చిత్తూరు వైపు నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల్లో ఇది ఇప్పుడు తరచూ చూస్తున్న సంగతే. అంత డబ్బు ఏ బ్యాంకులో ఉన్నా దానికి బీమా రక్షణ 5 లక్షల వరకే. వారసత్వంగా వచ్చిన సొమ్ముకు కనీసం మొదటి ఆరు నెలలైనా ఇంతకంటే ఎక్కువ రక్షణ ఇవ్వాలని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. మా కె.ఆర్.పురంలో ఎవరికి పెద్ద మొత్తం వచ్చినా పాస్‌బుక్కు పట్టుకుని మా ఇంటికి వస్తుంటారు. అందరూ ముందు అడిగేది పన్ను సంగతే. వారసత్వంగా వచ్చిన దాని మీద ఆదాయపు పన్ను లేదు. ఎస్టేట్ డ్యూటీని 1985లోనే ఎత్తేశారు. ఆస్తి అమ్మినప్పుడు లాభం వస్తే దాని లెక్క వేరు, డిపాజిట్ మీద వచ్చే వడ్డీ లెక్క వేరు. ఇంత చెప్పేసరికి వాళ్ళ టెన్షన్ తగ్గుతుంది. ఈ బ్యాంకుకు ఏమైనా అయితే మా డబ్బు సంగతేమిటని మాత్రం ఎవరూ అడగరు.

అడగాల్సిన ఊరే మనది. 2020 జనవరిలో బసవనగుడిలోని శ్రీ గురు రాఘవేంద్ర సహకార బ్యాంకు మీద రిజర్వు బ్యాంకు ఆంక్షలు పెట్టింది. ఖాతాలో ఎంత ఉన్నా 35,000 రూపాయలకు మించి తీయడానికి వీల్లేదంది. అందులో దాచుకున్నవాళ్ళలో చాలామంది పెద్ద వయసువాళ్ళు, పింఛను డబ్బు వేసుకున్నవాళ్ళు. అప్పటికి బీమా పరిమితి లక్ష రూపాయలే. 1993 నుంచి అంతే ఉంది. ఈ బ్యాంకు మీద ఆంక్షలు వచ్చి నెల తిరగకముందే, 2020 ఫిబ్రవరి 4 నుంచి, దాన్ని 5 లక్షలు చేశారు. ఆంక్షలు పెట్టిన 90 రోజుల్లో బీమా సొమ్ము చేతికి అందాలని 2021లో చట్టం కూడా సవరించారు. చిన్న డిపాజిటర్లకు ఇవి నిజంగా మేలు చేశాయి. 5 లక్షలకు పైబడి ఉన్నవాళ్ళు మాత్రం మిగతా డబ్బు కోసం ఎదురుచూడాల్సి వచ్చింది.

ఈ బీమా లెక్క కూడా జనానికి సరిగా తెలియదు. మల్లేశ్వరం బ్రాంచిలో ఐదు, జయనగర్ బ్రాంచిలో ఐదు వేస్తే రెండింటికీ రక్షణ ఉంటుందనుకుంటారు. ఉండదు. ఒక మనిషి పేరున ఒక బ్యాంకులో ఉన్నదంతా, ఎన్ని బ్రాంచీల్లో ఉన్నా, కలిపే లెక్కిస్తారు. అసలు, వడ్డీ కూడా కలుపుతారు. 4 లక్షల 90 వేలు వేసి దాని మీద 30 వేలు వడ్డీ పేరుకుంటే చేతికొచ్చేది 5 లక్షలే. వేర్వేరు బ్యాంకుల్లో వేస్తే ఒక్కో బ్యాంకుకూ 5 లక్షల చొప్పున వర్తిస్తుంది. అంటే అరవై లక్షలు వచ్చినావిడ పన్నెండు బ్యాంకుల్లో ఖాతాలు తెరవాలి. తల్లి పోయిన దుఃఖంలో ఉన్న మనిషిని పట్టుకుని ఇలా చెయ్యమని ఎవరు చెబుతారు?

వడ్డీ కాస్త ఎక్కువ ఇస్తారని కొందరు సౌహార్ద సొసైటీల్లో వేస్తారు. బోర్డు మీద సహకార అనే మాట చూసి బ్యాంకే అనుకుంటారు. అప్పులిచ్చే ఈ సొసైటీల డిపాజిట్లకు డీఐసీజీసీ (బ్యాంకు డిపాజిట్లకు ఈ బీమా ఇచ్చే సంస్థ) బీమా అసలు వర్తించదు. రూపాయికి కూడా వర్తించదు. ఈ సంగతి తెలియక ఉన్నదంతా తీసుకెళ్ళి అక్కడ పెట్టేవాళ్ళను చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

బ్రిటన్‌లో దీనికో పద్ధతి ఉంది. అక్కడ మామూలు డిపాజిట్ రక్షణ 1,20,000 పౌండ్లు. వారసత్వం, సొంత ఇల్లు అమ్మకం, విడాకులు లాంటి కారణాలతో ఖాతాలో ఒకేసారి పెద్ద మొత్తం పడితే ఆరు నెలలపాటు 14 లక్షల పౌండ్ల వరకు రక్షణ ఉంటుంది. 2025 డిసెంబరులో ఈ రెండు పరిమితులనూ పెంచారు కూడా. డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో కాగితాలతో చూపిస్తే చాలు. ఆ ఆరు నెలల్లో మనిషి నిదానంగా ఆలోచించుకుని సొమ్మును ఎక్కడ సర్దుకోవాలో సర్దుకుంటాడు.

మనకు ఆ వ్యవధి ఇంకా ఎక్కువ అవసరం. మన ఇళ్ళల్లో మాసికాలు, సంవత్సరీకం అయ్యేదాకా పెద్ద నిర్ణయాలు తీసుకోవడానికి మనసు ఒప్పదు. అన్నదమ్ముల మధ్య, అక్కచెల్లెళ్ళ మధ్య ఇంకా తేలని లెక్కలు ఉంటాయి. ఈలోపు డబ్బు పడిన మర్నాడే ఫోన్లు మొదలవుతాయి. మా వదినకు పుట్టింటి వాటా వచ్చినప్పుడు బ్యాంకు నుంచి ఒక అబ్బాయి ఏకంగా ఇంటికే వచ్చాడు. ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిదేనని చెప్పి, ఏటా ప్రీమియం కట్టాల్సిన బీమా పాలసీ మీద సంతకం చేయించుకున్నాడు. ఆమెకు డెబ్బై ఏళ్ళు. నచ్చకపోతే 30 రోజుల్లో పాలసీని వెనక్కి ఇచ్చేయవచ్చన్న నిబంధన ఉంది కాబట్టి డబ్బు తిరిగి వచ్చింది. అది తెలియని వాళ్ళ గతేమిటి?

పెద్ద బ్యాంకులు మునగవు కదా అని కొందరంటారు. నిజమే, 2020 మార్చిలో యెస్ బ్యాంకులో, అదే ఏడాది నవంబరులో లక్ష్మీ విలాస్ బ్యాంకులో విత్‌డ్రాయల్స్ మీద పరిమితి పెట్టినా చివరికి డిపాజిటర్ల డబ్బు పోలేదు. కానీ వాటా చెక్కు పడేది ఆ మనిషికి అప్పటికే ఉన్న ఖాతాలో. అది చిన్న సహకార బ్యాంకు కావచ్చు, ఆవిడ భర్త ముప్పై ఏళ్ళ క్రితం తెరిచిన ఖాతా కావచ్చు. పెద్ద బ్యాంకులు అంత భద్రమైనవే అయితే ఈ అదనపు రక్షణ వల్ల బీమా సంస్థ మీద పడే భారం కూడా తక్కువేనన్న మాట.

ఇది డబ్బున్నవాళ్ళకు మేలు చేసే కోరిక అనేవాళ్ళూ ఉన్నారు. యాభై లక్షలో, కోటో పై పరిమితి పెట్టండి. తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఇక్కడి నాడకచేరిలో ఇచ్చే వంశవృక్షం, రిజిస్టరైన దస్తావేజు, ఇవన్నీ అడగండి. తండ్రి ఇల్లు అమ్మగా వచ్చిన ముప్పై లక్షలే జీవితంలో చూసిన పెద్ద మొత్తం అయిన మనిషి డబ్బున్నవాళ్ళ లెక్కలోకి రాదు. ఆ డబ్బుతోనే ఆమె ముసలితనం గడవాలి.

ఈ బీమా ప్రీమియం కట్టేది బ్యాంకులే. 2020లో దాన్ని ఏడాదికి వంద రూపాయలకు 12 పైసలు చేశారు. 2025 ఫిబ్రవరిలో ముంబైలో న్యూ ఇండియా సహకార బ్యాంకు మీద ఆంక్షలు వచ్చినప్పుడు 5 లక్షల పరిమితిని పెంచే ఆలోచన ఉందని కేంద్ర ఆర్థిక శాఖ అధికారులే చెప్పారు. ఆ పెంపుతో పాటే వారసత్వపు సొమ్ము సంగతీ తేల్చాలి. చట్టం సవరించాలంటే 2021లో చేసినట్టే మళ్ళీ చేయవచ్చు. ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గారు రాజ్యసభకు ఎన్నికైంది కర్ణాటక నుంచే. బసవనగుడి డిపాజిటర్ల కష్టం ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

సవరణ వచ్చేలోగా రిజర్వు బ్యాంకు ఒక పని చేయవచ్చు. ఖాతాలో నిల్వ 5 లక్షలు దాటిన రోజున బ్యాంకు పంపే మెసేజ్‌లోనే, బీమా ఉన్నది ఎంతవరకో కూడా ఖాతాదారుకు తెలిసిన భాషలో రాయమని అన్ని బ్యాంకులనూ ఆదేశించాలి. దీనికి చట్టం మార్చాల్సిన పని లేదు, ఒక్క సర్క్యులర్ చాలు.

— విశ్రాంత బ్యాంకు ఉద్యోగిని, కె.ఆర్.పురం, బెంగళూరు