లామార్ లోయలో మా టైరుకు ప్రాణం పోసిన పెద్దాయనకీ, ఆయన భార్యకీ

వాళ్ల పేర్లు అడగలేదు. ఎక్కడి నుంచి వచ్చారో కూడా అడగలేదు. వాళ్లకు తెలుగు రాదు కాబట్టి ఇది చదివే అవకాశమూ లేదు, అయినా రాయకపోతే నాకు మనసొప్పట్లేదు.

మే నెలాఖరులో నేనూ మా ఆయనా అమెరికాలోని గ్రాండ్ టీటన్, యెల్లోస్టోన్ పార్కులు చూద్దామని అద్దె కారులో బయల్దేరాం. టీటన్‌లో రెండు రోజులు బాగా గడిచాయి. ఆక్స్‌బో బెండ్ దగ్గర తెల్లవారుజామున మూస్ (జింకల జాతిలో బాగా పెద్దది) ఒకటి నీళ్లలో దిగి మేస్తుంటే చలిలో వణుక్కుంటూ గంట చూశాం. అక్కడి నుంచి ఉత్తరంగా యెల్లోస్టోన్‌లోకి వచ్చి, హేడెన్ వ్యాలీ దాటుకుని నాలుగో రోజు పొద్దున్నే లామార్ లోయ చేరాం. తోడేళ్లు చూడాలన్నది నా కోరిక, బైసన్లు (అక్కడి అడవి దున్నలు) చూస్తే చాలన్నది మా ఆయన కోరిక. బైసన్ల విషయంలో ఆయన కోరిక కాస్త ఎక్కువగానే తీరింది.

లోయలోకి వచ్చాక డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగింది, కుడివైపు వెనక టైరులో గాలి తగ్గిపోతోందని. రోడ్డు పక్కన బండ్లు ఆపుకునే చోట ఆపాం. అప్పటికే అక్కడ ఒక పాత బండి ఉంది, అందులో ఈ పెద్దవాళ్లిద్దరూ. ఫోన్‌లో సిగ్నల్ ఒక్క గీత కూడా లేదు. మేం ఇంకా సీటు బెల్టు తీస్తుండగానే వంపు తిరిగి బైసన్ల మంద వచ్చేసింది, రోడ్డు వాళ్ల తాతలదన్నట్టు మధ్యలో నడుచుకుంటూ, పక్కనే నారింజ రంగు దూడలు గంతులేస్తూ. చూస్తుండగానే మా చుట్టూ నిండిపోయాయి. మా ఆయనకేమో టైరు మీదే ధ్యాస. ఒక్క క్షణం దిగి చూసొస్తానని తలుపు తీసి ఒక కాలు కింద పెట్టాడు.

పక్క బండిలోంచి ఆ పెద్దావిడ అద్దం దించి, అరవకుండా, కానీ చాలా గట్టిగా "తోక చూడు" అంది. వేలితో చూపిస్తే అప్పుడు చూశాం: మా డిక్కీకి కొంచెం దూరంలో నిలబడ్డ బైసన్ తోక నిటారుగా పైకి లేచి ఉంది. మా ఆయన కాలు ఎంత వేగంగా లోపలికొచ్చిందంటే, ఆయన అంత చురుగ్గా కదలడం నేను పెళ్లయ్యాక చూళ్లేదు. తర్వాత ఆవిడే చెప్పింది, తోక కిందికి వేలాడుతూ ఊగుతుంటే దానికి మన గొడవ పట్టలేదని, లేచిందంటే మాత్రం అది మీదకైనా వస్తుంది లేదా పేడైనా వేస్తుంది, రెండింట్లో ఏదో తేలేదాకా ఆగి చూడటం తెలివైన పని కాదని. మగ బైసన్ 900 కిలోల దాకా తూగుతుంది, గంటకు 55 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తుతుంది. వాటికి 25 గజాల దూరంలో, ఎలుగుబంట్లకూ తోడేళ్లకూ అయితే 100 గజాల దూరంలో ఉండాలని పార్కు రూలు, గేటు దగ్గరిచ్చిన కాగితంలో నేనే పైకి చదివి వినిపించాను కూడా. టెన్షన్‌లో ఇద్దరికీ గుర్తు రాలేదు.

మంద పూర్తిగా దాటిపోవడానికి నలభై నిమిషాలు పట్టింది. అప్పుడు డిక్కీ తెరిస్తే స్టెప్నీ లేదు. దాని స్థానంలో ఒక సీసాడు జిగురూ, ఎంత నొక్కినా పలకని ఓ గాలి పంపూ. (అద్దె కారు తీసుకునేవాళ్లకు నా దండం, డిక్కీ తెరిచి చూసుకుని కదలండి.) పెద్దాయన ఏమీ మాట్లాడకుండా తన బండిలోంచి పంక్చర్ కిట్ తెచ్చాడు. మా కారును అర చుట్టు ముందుకు కదపమన్నాడు, టైరులో దిగిన స్క్రూ చేతికందే చోటికి వచ్చేలా. ప్లయర్‌తో దాన్ని లాగితే బుస్సుమంది. గరుకు సూదిలాంటి పనిముట్టును రంధ్రంలో నాలుగైదుసార్లు తిప్పి, జిగురు పట్టిన నల్లటి రబ్బరు పేలికను మడిచి లోపలికి దూర్చి, బయట మిగిలిన ముక్కను బ్లేడుతో కోసేశాడు. వాల్వ్ మూత తీసి చొక్కా జేబులో వేసుకుని, తన పంపుతో గాలి పట్టాడు. చివర్లో మా సీసాలో నీళ్లు దాని మీద పోసి, బుడగలు వస్తాయేమోనని మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. ఒక్క బుడగ రాలేదు. డబ్బులివ్వబోతే నవ్వి, చేతులు తుడుచుకున్నాడు.

అక్కడితో అయిపోయిందనుకున్నాం. "తోడేళ్లను చూశారా?" అంది పెద్దావిడ. లేదంటే, దూరంగా ఉన్న జంతువుల్ని చూసే తన స్పాటింగ్ స్కోప్‌ని నా ఎత్తుకు దించింది. తోడేళ్లను వెతకొద్దు, కాకులను వెతుకు అని చెప్పింది. ఏదైనా జంతువు చచ్చిపడితే దాని చుట్టూ పెద్ద కాకులు మూగుతాయట. నది అవతల మైలుకు పైగా దూరంలో నల్లటి చుక్కలు ఎగురుతున్నాయి, కళ్లతో చూస్తే అంతకు మించి ఏమీ లేదు. స్కోప్‌లో చూస్తే వాటి మధ్య ఒక నల్లటి తోడేలు, దానికి వెనగ్గా బూడిద రంగువి రెండు. నల్లది తలెత్తి ఇటువైపు చూసి మళ్లీ తినడంలో పడింది. ఈ పార్కులో తోడేళ్లను 1926 నాటికే చంపేశారనీ, 1995లో కెనడా నుంచి పద్నాలుగింటిని తెచ్చి మళ్లీ మొదలుపెట్టారనీ ఆవిడ చెబుతూ ఉంది, నేను ఊ కొడుతూ స్కోప్ వదలట్లేదు. తను చూడాల్సిన పొద్దంతా నాకిచ్చేసిందని గదికి వచ్చాక గానీ నాకు తట్టలేదు. సిగ్గేసింది.

అమ్మా, ఆ స్కోప్‌కి వేవేల దండాలు. మా ఆయన కాలికి కూడా.

మీలో ఎవరైనా మేలో అటు వెళ్లి, లామార్‌లో స్కోప్ పెట్టుకుని కూర్చున్న ఇలాంటి జంట కనిపిస్తే, పంక్చర్ వేయించుకున్న తెలుగువాళ్లు అడిగారని చెప్పండి. ఆ టైరు మిగతా మూడు రోజులూ చుక్క గాలి వదల్లేదు. కారు తిరిగిచ్చేటప్పుడు చూసుకున్నాం, వాల్వ్ మూత లేదు. పెద్దాయనా, అది మీ చొక్కా జేబులోనే ఉండిపోయింది. ఉంచేసుకోండి.